నేల ఉసిరికి జరిగిన పరీక్ష

తొలకరి వానలు కురిసిన పిమ్మట తెలుగునాట చేలగట్లపైనను, పెరళ్ళలోను, బాటల ప్రక్కలను మూరెడు ఎత్తునకు మించక పెరుగు చిన్న మొక్క యొకటి కలదు. దాని ఆకులు చింతాకును పోలియుండును. రెమ్మను వెనుకకు త్రిప్పి చూచినచో చిన్న చిన్న ఆకుపచ్చని కాయలు ఉసిరికాయల నమూనాలవలె వరుసదీరి కనబడును. తెలుగువారు దీనిని నేల ఉసిరి యందురు. సంస్కృత వైద్యగ్రంథములలో దీని పేరు భూమ్యామలకి. తమిళులకు ఇది కీళానెల్లి. హిందీ ప్రాంతమువారికి భుయి ఆంవలా. ఎవరును విత్తు నాటకయే, నీరు పోయకయే పెరుగు ఈ మొక్క పేరు ఇరువదవ శతాబ్దపు చివరి భాగమున చెన్నపట్టణమునుండి అమెరికాలోని ఫిలడెల్ఫియా వఱకును, అచ్చటినుండి ప్రపంచమునందలి పెక్కు పరిశోధనాలయములకును ప్రాకినది. ఆ చరిత్ర తెలిసికొనదగినది. మొక్కను నమ్ముటకును, పరీక్షించుటకును, పరీక్ష చెప్పిన మాటను వినుటకును గల సంబంధమును అది చక్కగా తెలుపుచున్నది.

పచ్చకామెర్లు సోకినవాని యింటికి ఈ మొక్క రాని పల్లె ఒకప్పుడు అరుదు. దానిని సమూలముగా పెకలించి, కడిగి, మెత్తగా నూరి, ఆ ముద్దను మజ్జిగలోనో ఆవుపాలలోనో కలిపి పరగడుపున ఇచ్చుట వాడుక. నూనె, కారము మానిపించి చప్పిడి పథ్యము పెట్టుట దానికి తోడు. కొన్ని దినములు గడచునప్పటికి కన్నుల పసుపు విఱుగును, ఆకలి పుట్టును, రోగి లేచి తిరుగును. ఇంటివారు మందిచ్చిన పెద్దకును, మందైన మొక్కకును కృతజ్ఞులై యుందురు. తరతరములుగా వచ్చిన ఈ అనుభవమును మూఢవిశ్వాసమని త్రోసివేయుట న్యాయము కాదు. అయినను ఆ అనుభవములో ఒక చిక్కు దాగియున్నది.

కామెర్లు అనునది ఒక వ్యాధి పేరు కాదు. అది ఒక లక్షణము. పాతబడిన రక్తకణములు విఱిగినపుడు పుట్టు పసుపువన్నె పదార్థమును కాలేయము బయటికి పంపలేనపుడు కన్నులును, చర్మమును పసుపువారును. పైత్యనాళమున రాయి అడ్డుపడుటవలనను, మద్యమువలనను, కొన్ని మందుల విషమువలనను ఇట్లు జరుగవచ్చును. తఱుచుగా దీనికి కారణము కాలేయమును పట్టు వైరసులు. వానిలో ‘ఏ’, ‘ఇ’ అను పేరులు గలవి కలుషితమైన నీటివలనను, ఆహారమువలనను వచ్చును. వీనిచే కలిగిన కామెర్లు చాలమందిలో కొన్ని వారములకు తమంతట తామే తగ్గిపోవును. ‘బి’ అను వైరసు త్రోవ వేఱు. అది రక్తమువలనను, శుద్ధిచేయని సూదులవలనను, స్త్రీపురుష సంపర్కమువలనను, కానుపు సమయమున తల్లినుండి బిడ్డకును సంక్రమించును. పెద్దవయసున అది సోకినచో నూటికి 95 మంది దానిని తమ శరీరబలముచేతనే జయింతురు. పురిటిలో సోకినచో మాత్రము నూటికి 90 మంది శిశువుల శరీరములలో అది ఏండ్ల తరబడి నిలిచిపోవును.

ఇట్లు నిలిచిపోయిన వారినే వాహకులందురు. వారి కన్నులు పసుపెక్కవు, ఆకలి తగ్గదు, తమకు వ్యాధి కలదని వారే యెఱుగరు. కాని ఇరువది ముప్పది సంవత్సరములు గడచిన పిమ్మట వారిలో కొందఱి కాలేయము గట్టిపడిపోవును. కొందఱికి కాలేయమున క్యాన్సరు పుట్టును. ప్రపంచారోగ్యసంస్థ 2024లో వెలువరించిన నివేదిక ననుసరించి, 2022లో ఈ వైరసును దేహమున మోయుచున్నవారు ప్రపంచమున 25 కోట్ల 40 లక్షలమంది. వారిలో భారతదేశమునందే రమారమి మూడుకోట్ల మంది కలరు.

కావున నేల ఉసిరిని గుఱించి అడుగవలసిన ప్రశ్నలు రెండు. మొక్క మ్రింగిన పిమ్మట కామెర్లు తగ్గునా యనునది మొదటిది. దీనికి జవాబు ‘తగ్గును’ అనియే; కాని మ్రింగకున్నను పెక్కుమందికి తగ్గును. రక్తమున స్థిరపడిన ‘బి’ వైరసును ఈ మొక్క వెడలగొట్టగలదా యనునది రెండవది. దీనికి జవాబు పల్లెలోని పెద్దల అనుభవమున దొరకదు. ఏలయన ఆ వైరసు కంటికి కనబడదు, లక్షణము చూపదు. రక్తమును పరీక్షించు నేర్పు కలిగిన పిమ్మటనే ఆ ప్రశ్న అడుగుటకైనను వీలు కలిగినది.

మొక్కలను పరీక్షించు సంప్రదాయము భారతదేశమున అప్పటికే బలపడియుండెను. కలకత్తా ఉష్ణమండల వైద్య విద్యాలయమున పనిచేసిన సర్ రామ్‌నాథ్ చోప్రా దేశీయౌషధములను గుఱించి 1933లో ప్రకటించిన ఉద్గ్రంథము ఈ కృషికి పునాది వేసినది. సర్పగంధ వేరు రక్తపుపోటును తగ్గించునని బొంబాయికి చెందిన డాక్టర్ రుస్తుమ్ జాల్ వకీల్ 1949లో ప్రకటించినప్పుడు ప్రపంచ వైద్యులందఱు తలయెత్తి చూచిరి. 1951లో లక్నో నగరమున, నవాబుల నాటి ఛత్తర్ మంజిల్ సౌధమున, కేంద్రౌషధ పరిశోధన సంస్థ వెలసినది. భారతదేశపు మొక్కల సారములను వరుసగా పరీక్షించు మహత్కార్యమును ఆ సంస్థవారు చేపట్టి, తొలి ఫలితములను 1968లో ప్రకటించిరి. రక్తపుపోటు, క్రిములు, కణుతులు మొదలగువానితోపాటు వైరసులపై పరీక్షలు కూడ వానిలో నుండెను. కోళ్ళకు వచ్చు కొక్కెర తెగులునకు మూలమైన రాణీఖేత్ వైరసును, మసూచి టీకాలలో వాడు వాక్సీనియా వైరసును వారు ఇందుకు వినియోగించిరి. అంతకు పూర్వమే, 1952లో, ఇంగ్లండునందలి నాటింగ్‌హామ్ నగరపు బూట్స్ సంస్థవారు 288 మొక్కలను ఇన్‌ఫ్లుయెంజా వైరసుపై పరీక్షించి, వానిలో 12 మాత్రమే వైరసు పెరుగుదలను అణచినవని కనుగొనిరి.

ఈ పని పైకి కనబడునంత సులభము కాదు. సూక్ష్మజీవులను గాజుపళ్ళెములో జావపోసి పెంచవచ్చును. వైరసు జీవకణములో తప్ప వృద్ధినొందదు. కావున పిల్ల యెదుగుచున్న కోడిగ్రుడ్డులోనో, గాజుపాత్రలో పెంచిన జీవకణములలోనో దానిని పెంచి, మొక్క సారమును చేర్చి చూడవలెను. అచ్చట రెండు మోసములు పొంచియుండును. సారము విషమై జీవకణమునే చంపినచో వైరసు కూడ నశించును. అది మందు కాదు. మఱియొకటి, మొక్కలలోని వగరు పదార్థములు ఎదురుపడిన మాంసకృత్తుల కెల్ల అంటుకొను స్వభావము గలవి. గాజుగొట్టములో అవి వైరసుకును అంటుకొని దానిని అణచినట్లు కనబడును. మనుష్యుని కడుపున పడిన పిమ్మట అవి రక్తమును, కాలేయమును చేరునో లేదో వేఱు సంగతి. నేల ఉసిరిలో ఇట్టి వగరు పదార్థములు సమృద్ధిగా నున్నవని గుర్తుంచుకొనవలెను.

కామెర్ల వైరసును రక్తమున పట్టుకొను మార్గము అనుకోని విధముగా తెఱవబడినది. అమెరికా శాస్త్రజ్ఞుడు డాక్టర్ బరూక్ బ్లుంబర్గ్ వివిధ జాతులవారి రక్తములలోని భేదములను పరిశీలించుచుండగా, ఆస్ట్రేలియా ఆదివాసి యొకని రక్తమున ఒక క్రొత్త పదార్థము కనబడినది. దానికి ‘ఆస్ట్రేలియా ఆంటిజెన్’ అని పేరిడి 1965లో ప్రకటించిరి. అది ‘బి’ వైరసు పైతొడుగునకు చెందినదని కొలది సంవత్సరములలోనే తేటపడినది. నాటినుండి రక్తపుబొట్టును చూచి వాహకుని గుర్తించుట సాధ్యమైనది. 1976లో బ్లుంబర్గ్‌కు నోబెల్ బహుమానములో భాగము లభించినది. వాహకుల రక్తములోని ఆ తొడుగునే శుద్ధిచేసి టీకాగా వాడవచ్చునని ఆయనయు, ఆయన సహచరుడు ఇర్వింగ్ మిల్‌మన్‌యు చూపిరి. టీకా రాబోవు రోగమును ఆపునేగాని, వచ్చి స్థిరపడిన వైరసును వెడలగొట్టదు. అప్పటికే వాహకులైన కోట్లాది జనమునకు ఏమి దారి? ఈ ప్రశ్నయే నేల ఉసిరిని వేదికపైకి తెచ్చినది.

చెన్నపట్టణపు తరమణిలో, మదరాసు విశ్వవిద్యాలయమునకు చెందిన వైద్యశాస్త్ర సంస్థలో డాక్టర్ ఎస్. పి. త్యాగరాజన్ ప్రభృతులు సిద్ధ, ఆయుర్వేద వైద్యులు కామెర్లకు వాడు మూలికలను పరిశీలించుచుండిరి. 1982లో వారు ప్రకటించిన వ్యాసములో రెండు మొక్కల పేరులు కలవు. ఒకటి నేల ఉసిరి. రెండవది తెలుగు తల్లులు తలనూనెలో కాచు గుంటగలగర. గాజుగొట్టములో ఈ మొక్కల సారములు వైరసు తొడుగును నిర్వీర్యము చేసినవని ఆ వ్యాస సారాంశము.

అటుపిమ్మట ఫిలడెల్ఫియాలో వెంకటేశ్వరన్, మిల్‌మన్, బ్లుంబర్గ్‌లు తమ పరిశోధనను 1987లో ప్రకటించిరి. నేల ఉసిరి సారము వైరసు తన సంతతిని పెంచుకొనుటకు వాడు ‘డి.ఎన్.ఏ. పాలిమరేజ్’ అను కిణ్వమును అడ్డగించుచున్నట్లు వారు చూచిరి. ఉడుత కుటుంబమునకు చెందిన వుడ్‌చక్ అను అమెరికా జంతువునకు ‘బి’ వైరసును పోలిన వైరసు సోకును. క్రొత్తగా ఆ రోగము సోకిన నాలుగు జంతువుల కడుపులోనికి సూదిద్వారా సారమును ఎక్కింపగా, మూడింటి రక్తమునుండి వైరసు చిహ్నములు మాయమైనవి. మందు ఎక్కింపని మూడు జంతువులలో అవి నిలిచియుండెను. జంతువుల సంఖ్య స్వల్పమే. అయినను ఆశ చిగిరించుటకు అది చాలినది.

ఇంక మనుష్యుల వంతు. త్యాగరాజన్, సుబ్రహ్మణియన్, బ్లుంబర్గ్ మొదలగువారు చెన్నపట్టణమున వాహకులపై జరిపిన పరీక్ష ఫలితము 1988 అక్టోబరులో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడినది. ఎండించి పొడిచేసిన మొక్కను 200 మిల్లీగ్రాముల చొప్పున దినమునకు మూడుమార్లు, 30 దినములు ఇచ్చిరి. మఱికొందఱికి చూపునకు అట్లే యుండి, మందులేని గుళికల నిచ్చిరి. మందు ముగిసిన రెండు మూడు వారములకు రక్తము చూడగా, మొక్కను పుచ్చుకొన్న 37 మందిలో 22 మంది రక్తమున వైరసు తొడుగు కనబడలేదు. ఉత్తి గుళికలు మ్రింగిన 23 మందిలో ఒక్కనికి మాత్రమే అట్లు జరిగినది. వాహకులలో వైరసు తనంతట తాను తొలగుట సంవత్సరమునకు నూటికి ఒక్కరిలో సంభవించుటయే అరుదు. అట్టిచో ఒక్క నెలలో నూటికి 59 మంది విముక్తులగుట అద్భుతమనియే అనిపించినది. ఆనాటికి వాహకులకు నమ్మదగిన మందు ఏదియు అందుబాటులో లేదు. పేదల పెరటిలో ఊరక మొలచు మొక్క ఆ పని చేయునన్న వార్త వైద్యులకును, రోగులకును ఎంత యాశ కలిగించెనో ఊహింపవచ్చును.

శాస్త్రమున ఒక నియమము కలదు. ఒకచోట ఒకరు చూచినది మఱియొకచోట మఱియొకరికి కనబడవలెను. ఆ నియమము ననుసరించి పెక్కు దేశములవారు నేల ఉసిరిని చేతబట్టిరి. 1990లో థాయిలాండు వైద్యులు, లక్షణములు లేని వాహకులలో ఈ మొక్క వైరసును తొలగింపలేకపోయెనని అదే లాన్సెట్ పత్రికలో వ్రాసిరి. అదే సంవత్సరమున బాతులకు సోకు ఇట్టి వైరసుపై జరిపిన ప్రయోగమునను ఫలము కనబడలేదు. 1994లో న్యూజీలాండువారు తమ దేశపు వాహకులు ఈ మందునకు లొంగలేదని ప్రకటించిరి. అదే సంవత్సరమున భారతదేశమునుండియు అట్టి ఫలితమే వెలువడినది.

ఇట్లేల జరిగెను? మొదట అందఱి దృష్టియు మొక్క గుర్తింపుపై పడినది. ఫిల్లాంథస్ నిరూరి అని భారతీయ వృక్షశాస్త్ర గ్రంథములు పేర్కొన్న మొక్క వాస్తవముగా అమెరికా ఖండమునకు చెందినది. భారతదేశమున ఆ పేరుతో చలామణి యగుచున్నవి ఒకటి గాక మూడు జాతులని వృక్షశాస్త్రజ్ఞులు 1985లో స్పష్టపఱచిరి. వానిలో ఫిల్లాంథస్ అమారస్ అనునది చెన్నపట్టణపు పరీక్షలో వాడినది. 1982, 1987 సంవత్సరముల వ్యాసములలో నిరూరి యనియు, 1988 వ్యాసములో అమారస్ అనియు పేరు మాఱుటకు కారణము ఈ దిద్దుబాటే. అంగడిలో ‘నేల ఉసిరి’ యని కొన్న పొడిలో ఏ జాతి యున్నదో చెప్పుట కష్టము. పెరిగిన నేల, కోసిన ఋతువు, ఎండించిన తీరు మాఱినచో మొక్కలోని పదార్థములును మాఱును. వాహకులలోను భేదములున్నవి; పురిటిలో వైరసు సోకినవానికిని, పెద్దవయసున సోకినవానికిని ఒకే ఫలితము రాకపోవచ్చును. ఈ కారణములన్నియు ఆలోచింపదగినవే. కాని అన్నిటికంటె సరళమైన కారణము ఒకటి మిగిలియున్నది. కొలదిమందిపై జరిపిన తొలి పరీక్షలో కనబడిన గొప్ప ఫలము పెక్కుమందిపై జరిపిన పరీక్షలలో కరిగిపోవుట వైద్యచరిత్రలో తఱుచుగా జరుగునదే.

2011లో కాక్రేన్ సంస్థ పరిశీలకులు ఈ జాతి మొక్కలపై జరిగిన పరీక్షలలో 16 ఎన్ని సమీక్షించిరి. వానిలో పాల్గొన్న రోగులు 1326 మంది. ఈ మొక్కలు ‘బి’ వైరసు రోగులకు మేలు చేయునని నమ్మదగిన సాక్ష్యము లేదని వారు తేల్చిరి. పరీక్షలలో పెక్కింటి నాణ్యము తక్కువయనియు, ఉత్తి గుళికలతో పోల్చినది ఒక్కటి మాత్రమే యనియు గూడ వారు గుర్తించిరి. నేల ఉసిరి వ్యాజ్యమునకు తీర్పు ‘దోషి’ యని కాదు. ‘రుజువు కాలేదు’ అని. కాని వ్యాధిగ్రస్తునికి ఈ రెండింటి ఫలితము ఒక్కటియే. రుజువు కాని మందును నమ్ముకొని రక్తపరీక్షను, వైద్యుని సలహాను వాయిదా వేసిన వాహకుని కాలేయము ఆ వాయిదాను మన్నింపదు.

ఇంతమాత్రమున మొక్కలనుండి వైరసుల మందు రానేరదని తలపరాదు. వంటయింటి మసాలాడబ్బాలోని అనాసపువ్వు ఇందుకు నిదర్శనము. జపానులో పెరుగు దాని జాతి చెట్టు కాయలనుండి 1885లో ఐక్‌మన్ అను శాస్త్రజ్ఞుడు షికిమిక్ ఆమ్లమును వేఱుచేసెను. నూఱేండ్లు దాటిన పిమ్మట, అనాసపువ్వునుండి తీసిన ఆ ఆమ్లమే ముడిపదార్థముగా, ఇన్‌ఫ్లుయెంజాకు వాడు ఓసెల్టమివిర్ అను మందు తయారై 1999లో అమెరికాలో అనుమతి పొందెను. అయితే షికిమిక్ ఆమ్లమునకు స్వయముగా వైరసును అణచు శక్తి లేదు. రసాయనశాలలో పెక్కు మార్పులు పొందిన పిమ్మటనే అది మందగును. పులావులో అనాసపువ్వు వేసినంత మాత్రమున ఇన్‌ఫ్లుయెంజా తగ్గదు. జపాను జాతి కాయ విషము కూడ. మొక్క ఇచ్చునది తఱుచుగా ఆరంభము మాత్రమే. గమ్యము చేర్చునది పరీక్ష.

‘బి’ వైరసు విషయమున ఆ గమ్యమునకు ఇతర మార్గములు తెఱవబడినవి. 1998లో లామివుడిన్, 2005లో ఎంటెకావిర్, 2008లో టెనోఫోవిర్ ఈ వ్యాధికి వాడుకలోనికి వచ్చినవి. నేల ఉసిరి సారము గాజుగొట్టములో అడ్డగించిన ఆ పాలిమరేజ్ కిణ్వమునే ఈ మందులు మనుష్యదేహమున అడ్డగించును. ఇవి వైరసును నిర్మూలింపవు; కాని అణచియుంచి కాలేయమును కాపాడును. 2018 జూలై 28న భారత ప్రభుత్వము ప్రారంభించిన జాతీయ కార్యక్రమమున ఈ వ్యాధికి పరీక్షలును, చికిత్సయు ఉచితముగా అందించుటకు ఏర్పాటు జరిగినది. జూలై 28 బ్లుంబర్గ్ జన్మదినము. ప్రపంచమంతట అది హెపటైటిస్ దినముగా పాటింపబడుచున్నది.

టీకా చరిత్రలో తెలుగువారికి గౌరవస్థానము కలదు. రక్తమునుండి తీయు టీకాకు బదులు, ఈస్ట్ కణములచే వైరసు తొడుగును తయారుచేయించు పద్ధతి 1986 నాటికి అమెరికాలో అమలులోనికి వచ్చినది. దిగుమతియైన ఆ టీకా వెల సామాన్య కుటుంబమునకు అందనిది. నెల్లూరు ప్రాంతమునకు చెందిన కె. ఐ. వరప్రసాదరెడ్డి 1993లో హైదరాబాదున శాంతా బయోటెక్నిక్స్ సంస్థను స్థాపించిరి. 1997 ఆగస్టులో ఆ సంస్థ ‘షాన్‌వాక్-బి’ అను పేరుతో భారతదేశమున తొలిసారిగా ఈ విధమైన టీకాను తయారుచేసి, తక్కువ వెలకు అందించినది. ప్రభుత్వ టీకా కార్యక్రమమున ఇది 2002లో కొన్ని చోట్ల ప్రయోగాత్మకముగా ప్రవేశించి, 2011 నాటికి దేశమంతట వ్యాపించినది. బిడ్డ పుట్టిన 24 గంటలలోపల వేయు మొదటి మోతాదు తల్లినుండి బిడ్డకు పోవు వైరసునకు అడ్డుకట్ట.

నేల ఉసిరి పరీక్షలో ఓడినదని చెప్పి తరమణి పరిశోధకుల కృషిని తక్కువ చేయరాదు. పెద్దలు చెప్పినమాటను వారు కన్నులు మూసికొని ఒప్పుకొనలేదు, విననట్లు నటింపనులేదు. దానిని ప్రశ్నగా మార్చి, పరీక్షించి, ఫలితమును ప్రపంచము నెదుట పెట్టిరి. ఇతరులు మరల పరీక్షించి భిన్నాభిప్రాయము తెలుపుటకు వీలు కలిగించిన దదియే. సంప్రదాయమునకు చేయదగిన నిజమైన గౌరవము అట్టి పరీక్షయే.

తొలకరి వచ్చినపుడెల్ల పెరటిలో నేల ఉసిరి మొలచుచునే యుండును. కామెర్లు కనబడినపుడు దానిని నూరి యిచ్చు అవ్వ ప్రేమను ఎవరును కాదనరు. ఆ ప్రేమకు తోడుగా రోగి రక్తమును ఒకమారు పరీక్ష చేయించి ఏ వైరసో తెలిసికొనుటయు, గర్భిణికి ‘బి’ వైరసు పరీక్ష చేయించుటయు, పుట్టిన బిడ్డకు నాడే టీకా వేయించుటయు ఇంటి పెద్దల విధులు. నేల ఉసిరి చరిత్ర తెలుగు కుటుంబములకు నేర్పు పాఠము ఇదియే.